ప్రొటీన్ బెల్లం అట్లు: పప్పు నానబోసిన దగ్గర్నుంచి పెనం దించేదాకా

ముందు ఒక లెక్క చెప్తాను. మా ఇంట్లో ఆదివారం పొద్దున వేసే బెల్లం అట్లకి మా అమ్మమ్మ నాటి కొలత ఇది: కప్పు గోధుమపిండి, పావు కప్పు బియ్యప్పిండి, ముప్పావు కప్పు బెల్లం తురుము, రెండు చెంచాల పచ్చికొబ్బరి, రెండు ఏలకులు. ఎనిమిది అట్లు వస్తాయి. ఈమధ్య వంటింట్లోకి చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొన్నాక సరదాకి అన్నీ తూచి చూశాను. గోధుమపిండి 120 గ్రాములు, బియ్యప్పిండి 40, బెల్లం 150. అంటే మూడు అట్లు తిన్న మనిషి కడుపులోకి దాదాపు 56 గ్రాముల బెల్లం పోతోంది. ప్రొటీన్ మాత్రం అటూ ఇటూగా ఆరు గ్రాములు, ఒక్క కోడిగుడ్డులో ఉన్నంత. మూడింటితో ఆగేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, అది వేరే సంగతి.

ఈ లెక్క నన్నెందుకు పట్టుకుందంటే, మా ఆయన షుగర్ రిపోర్టు బోర్డర్‌లో వచ్చింది, అదే నెలలో మా అబ్బాయి జిమ్‌లో చేరి "అమ్మా, ఇందులో ప్రొటీన్ ఎంత" అని ప్రతి గిన్నె మూతా తీసి అడగటం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఆదివారం అట్టు మానమంటే మానరు. ఇంకో మాట, ఆ పాత అట్లు తిన్నాక పదిన్నరకల్లా మళ్ళీ ఏదో ఒకటి నమలాలనిపించేది నాకే. పిండీ బెల్లమూ తొందరగా అరిగిపోతాయి, పప్పు ఉన్న టిఫిన్ అంత తొందరగా దిగదు. పెసరట్టు ఉప్మా తిని పనికి బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంట దాకా అన్నం మాట ఎందుకు ఎత్తరో గుంటూరులో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి నేను చేసిందల్లా పిండి మార్చడమే. పైనుంచి ఏ పొడీ చల్లలేదు. సగానికి పైగా పిండి స్థానంలో పప్పు వచ్చింది, బెల్లం సగానికి పైగా తగ్గింది, అయినా పళ్ళెంలో పడ్డాక అది బెల్లం అట్టే. నాలుగు ఆదివారాలు చెడగొట్టాక కుదిరిన కొలత ఇది.

చెడిపోయినవి ముందు

మొదటి ఆదివారం మా వాడి డబ్బాలోంచి వే ప్రొటీన్ పొడి రెండు స్కూపులు తీసి అమ్మమ్మ పిండిలోనే కలిపేశాను. పని తేలిక కదా అనుకున్నాను. పెనం మీద వేడి తగిలేసరికి అది బిగుసుకుపోయి రబ్బరు చెప్పులా తయారైంది. పాలవిరుగుడు నుంచి తీసిన ప్రొటీన్ స్వభావమే అది, వేడికి గట్టిపడి పిండిలో ఉన్న నీళ్ళన్నీ పట్టేసుకుంటుంది. పాలల్లో కలుపుకుని తాగేవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, అట్టులోకి వద్దు. పైగా వెనిల్లా వాసన! బెల్లం, ఏలకులు, వెనిల్లా మూడూ ఒక నోట్లో కలిస్తే ఎలా ఉంటుందో అనుభవించాం.

రెండోసారి ఒట్టి పెసరపప్పుతో వేశాను. ముక్కలు ముక్కలుగా విరిగింది, పచ్చి వాసన పోలేదు. మూడోసారి పంతానికి మినప్పప్పు ఎక్కువ వేస్తే తీపి గారె పగిలి పరుచుకున్నట్టు వచ్చింది, మా అత్తయ్యగారు ఒక తుంపు నోట్లో వేసుకుని "బానే ఉందమ్మా, ఏం వంటకం ఇది" అన్నారు. నాలుగోసారి కొలతలన్నీ దారిలో పడ్డాయి గానీ బెల్లం పాకం వేడివేడిగా గుడ్లలో పోసేసరికి అట్ల పిండిలో ఆమ్లెట్ ముక్కలు తేలాయి.

ఏమేం కావాలి

తొమ్మిది మందపాటి అట్లకి:

- పొట్టు తీసిన పెసరపప్పు 100 గ్రాములు (అర కప్పు)
- మినపగుళ్ళు 50 గ్రాములు (పావు కప్పు)
- గోధుమపిండి 60 గ్రాములు (అర కప్పు)
- వేరుశనగ గుళ్ళు 30 గ్రాములు (గుప్పెడు)
- కోడిగుడ్లు 2
- బెల్లం 70 గ్రాములు
- ఏలకులు 3, చిటికెడు శొంఠిపొడి, చిటికెడు ఉప్పు
- కాల్చటానికి నెయ్యి, అట్టుకి అర చెంచా చొప్పున

ఇందులో ఒక్కోటీ ఎందుకు ఉందో తెలిస్తే రేపు మీ ఇంట్లో ఏదన్నా లేకపోయినా సర్దుకోవటం తేలిక.

పెసరపప్పే అసలు బలం. 100 గ్రాముల్లో 24 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, గోధుమపిండిలో పది పదకొండు, బియ్యంలో ఏడెనిమిది. పెసరట్టుకి వాడే పచ్చ పెసలు వెయ్యొచ్చు కదా అంటారేమో, నేనూ అనుకున్నాను, కానీ ఆ పొట్టు వాసన అల్లానికీ పచ్చిమిరపకాయకీ కుదురుతుంది గానీ బెల్లానికి కుదరదు. రంగు కూడా బురదలా వస్తుంది. పొట్టు తీసిన పసుపు పప్పే తీసుకోండి.

మినుములు జిగురు కోసం. రుబ్బితే నురుగు పట్టి అట్టుకి మెత్తదనం ఇస్తాయి, ప్రొటీన్ కూడా పెసరపప్పుకి దగ్గర్లోనే ఉంటుంది. మన డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో తడి ఉండగానే మినుములు చల్లేస్తారు, వరి కోసేసరికి మొలక నేల మీద ఉంటుంది. ఆ మాగాణి మినుముల కోసమే గుంటూరు పక్కన లాం ఫారంలో, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, ఎల్‌బీజీ పేరుతో ఎన్నో రకాలు తయారుచేశారు. బాలింతలకీ, ఎదిగే పిల్లలకీ సున్నుండలు చేసి పెట్టింది ఈ పప్పుతోనే. అప్పటి వాళ్ళు ప్రొటీన్ అనలేదు, బలం అన్నారు. ఈ సంవత్సరం పప్పు దొరికితే మంచిది, పాత పప్పు ఎంత నానబెట్టినా సరిగ్గా పొంగదు.

గోధుమపిండి అట్టు విరగకుండా పట్టి ఉంచుతుంది. దీన్ని పూర్తిగా తీసేయకపోవటానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న అంశాల కూర్పు. ధాన్యాల ప్రొటీన్‌లో లైసిన్ అనే అంశం తక్కువ, పప్పుల్లో అది బాగా ఉంటుంది. పప్పుల్లో మిథియోనిన్ అనే ఇంకో అంశం తక్కువ, అది ధాన్యాల్లో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పొంగలి అన్నిట్లో జరిగేది ఇదే.

వేరుశనగ గుళ్ళు ప్రొటీన్ కోసం కొంత, రుచి కోసం ఎక్కువ. పప్పు వాసనని కప్పేసేది ఇవే. గుడ్లు పొంగు కోసం. గుడ్డు తినని ఇళ్ళకి వేరే దారి ఉంది, కింద చెప్తాను.

బెల్లం సంగతి మాత్రం కాస్త నిలబడి చెప్పాలి. "చక్కెర కాదు కదా, బెల్లమే కదా" అని వాయినం ఇచ్చినట్టు వేసేవాళ్ళని చాలామందిని చూశాను. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. ఇనుము, ఖనిజాలు ఉన్నాయి నిజమే, కానీ వాటి కోసం 50 గ్రాముల బెల్లం తినటం కుదరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి విడిగా కలుపుకునే తీపి మొత్తం రోజుకి 25 గ్రాములు దాటకపోతే మంచిదని చెప్తుంది, అందులో బెల్లం, తేనె, టీలో పంచదార అన్నీ కలిపే. ఈ కొలతలో అట్టుకి ఎనిమిది గ్రాములకి కాస్త తక్కువ పడుతుంది, మూడు తింటే 23. ముదురు రంగు బెల్లం తీసుకోండి. పసుపు తెలుపు మధ్య మిలమిలలాడే అచ్చులకి రంగు విరిచే రసాయనం వేసి ఉండొచ్చు, పైగా ముదురు బెల్లానికి రుచి ఘాటుగా ఉంటుంది కాబట్టి తక్కువ వేసినా తీపి తెలుస్తుంది. ఆ చిటికెడు ఉప్పూ, శొంఠీ కూడా అందుకే. ఉప్పు లేకుండా ఒకసారి, వేసి ఒకసారి రుచి చూడండి, రెండోది తియ్యగా ఉంటుంది.

ముందు రోజు రాత్రి

పెసరపప్పుని ఒట్టి మూకుట్లో సన్నసెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన రావాలి, రంగు మాత్రం ఎర్రబడకూడదు. ఎర్రబడితే సరిగ్గా నానదు. పచ్చి వాసన సగం ఇక్కడే పోతుంది, ఈ ఒక్క పని చెయ్యకపోవటం వల్లే నా రెండో ఆదివారం పాడైంది.

చల్లారాక మినపగుళ్ళతో కలిపి రెండు మూడు నీళ్ళు కడిగి, మునిగేంత కంటే రెండు వేళ్ళు పైకి నీళ్ళు పోసి నానబెట్టండి. నాలుగైదు గంటలు చాలు. రాత్రి పడుకునేముందు పోస్తే పొద్దునకి సరిపోతుంది, కానీ ఇది డిసెంబరు మాట. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో రాత్రంతా బయట పెడితే పొద్దునకి నీళ్ళ మీద నురుగు తేలి పులుపు వాసన కొడుతుంది. ఎండాకాలం గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఈ పిండికి పులుపు పనికిరాదు, దోసె పిండి అలవాటుతో "పులిస్తే మంచిదే కదా" అనుకోవద్దు. బెల్లం, పులుపు రెండూ కలిస్తే నోట్లో ఏదో పాడైనట్టే ఉంటుంది.

వేరుశనగ గుళ్ళు కూడా రాత్రే వేయించి పొట్టు నలిపి చెరిగి పెట్టుకుంటే పొద్దున పని తగ్గుతుంది. రాత్రి చెయ్యాల్సిన ఇంకో పని, అర లీటరు గట్టి పెరుగుని పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి ఫ్రిజ్‌లో పెట్టడం. పొద్దునకి నీరంతా దిగి గడ్డ పెరుగు వస్తుంది. ఇది అట్టు మీదికి. కింద గిన్నెలో దిగిన నీళ్ళు పారబోయకుండా చపాతీ పిండిలోకో చారులోకో పోసేయండి.

పొద్దున: పిండి కలపటం

ముందుగా బెల్లం. తరిగి, మూడు పెద్ద చెంచాల నీళ్ళు పోసి, చిన్న మంట మీద కరిగేదాకా మాత్రం ఉంచండి. పాకం పట్టక్కర్లేదు. కరిగిన వెంటనే దించి వడకట్టండి. వడకట్టాక అడుగున మిగిలే ఇసుకా, చెరుకు పీచూ చూస్తే ఇక జన్మలో వడకట్టకుండా వెయ్యరు. ఇప్పుడు దాన్ని పూర్తిగా చల్లారనివ్వండి. వేలు పెడితే వేడి తెలియకూడదు. నా నాలుగో ఆదివారం గుర్తుంది కదా.

ఇది చల్లారే లోపు మిక్సీ పని. మొదట పొడిగా, ఏలకులు, శొంఠి, వేయించిన గుళ్ళు కలిపి ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి గిర్రున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. రవ్వలా ఉన్నా పరవాలేదు, పంటికి తగిలితే బాగుంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టి, అదే జారులో నానిన పప్పులు వడకట్టి వేసి, చెంచాలు లెక్కపెట్టి నీళ్ళు పోస్తూ రుబ్బండి. ఎంత గట్టిగా అంటే గారెల పిండిలా ఉండాలి. చాలామంది ఇక్కడే జారిపోతారు, అట్ల పిండి కదా అని మామూలు జారుగా రుబ్బేస్తారు, ఆ తర్వాత బెల్లం నీళ్ళూ గుడ్లూ పడేసరికి పిండి కాస్తా మజ్జిగ అవుతుంది. బెల్లం పిండిని పల్చబరుస్తుంది, అది గుర్తుపెట్టుకుంటే చాలు. గరగర లేకుండా మెత్తగా రుబ్బాలి, వేళ్ళ మధ్య రుద్దితే రవ్వ తగలకూడదు. మిక్సీ వేడెక్కితే మధ్యలో రెండు నిమిషాలు ఆపండి.

ఒక వెడల్పాటి గిన్నెలో గోధుమపిండి, ఉప్పు వేసి, చల్లారిన బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపండి. రుబ్బిన పిండిలో నేరుగా గోధుమపిండి చల్లితే ఉండలు కడుతుంది, తర్వాత ఎంత గిలక్కొట్టినా విడవదు. ఇది జారుగా అయ్యాక రుబ్బిన పప్పు, గుళ్ళ పొడి వేసి చేత్తోనే ఒకే వైపు రెండు నిమిషాలు కలపండి, పిండి తేలికపడటం చేతికి తెలుస్తుంది. చివరికి గుడ్లు విడిగా గిన్నెలో నురుగొచ్చేలా కొట్టి పోసి మెల్లగా కలిపేయండి. వంటసోడా అక్కర్లేదు. మూతపెట్టి పావుగంట వదిలేయండి, గోధుమపిండి తడి పీల్చుకుంటుంది.

పావుగంటయ్యాక గరిటెతో ఎత్తి పోస్తే పిండి తెగకుండా పట్టీలా జారాలి. చుక్కచుక్కగా కారితే పల్చబడినట్టు, ఒక చెంచా గోధుమపిండి నీళ్ళలో కలిపి చేర్చండి. ముద్దగా పడితే కాసిని పాలు పోయండి.

పెనం దగ్గర

బెల్లం ఉన్న పిండికి పెనం మీద ఓపిక కావాలి. మామూలు దోసె మంట మీద దీన్ని వేస్తే పైన పచ్చి, కింద బొగ్గు. బెల్లం త్వరగా మాడుతుంది, పప్పులోని ప్రొటీన్ కూడా తోడై రంగు ఇంకా త్వరగా తిరుగుతుంది. కాబట్టి పెనం బాగా కాలనిచ్చి, నీళ్ళు చల్లితే చుయ్యిమన్నాక, మంట తగ్గించి, అర నిమిషం ఆగి అప్పుడు పోయండి.

ఇనప పెనమైతే నేను సగానికి కోసిన వంకాయని తొడిమ పట్టుకుని నూనెలో ముంచి రుద్దుతాను. ఉల్లిపాయ వాసన తీపి అట్టుకి అంటుకోవటం నాకు పడదు. నాన్‌స్టిక్ అయితే ఈ గొడవ లేదు, కొత్తగా చేసేవాళ్ళు దాని మీదే మొదలుపెట్టండి, ఇందులో నామోషీ ఏమీ లేదు.

గరిటెడు పిండి మధ్యలో పోసి, గరిటె అడుగుతో రెండు చుట్లు మాత్రం తిప్పండి. అరచేయంత వెడల్పు, ఊతప్పం అంత మందం. దోసెలా పల్చగా లాగాలని చూడొద్దు, చిరుగుతుంది. చుట్టూ అర చెంచా నెయ్యి వేసి మూతపెట్టండి. రెండు రెండున్నర నిమిషాలకి పైన చిన్న చిన్న బుడగలు పగిలి, తడి ఆరి, అంచు పెనాన్ని వదులుతుంది. అప్పుడే తిప్పాలి. అంతకు ముందు అట్లకాడ దూరిస్తే సగం అట్టు పెనానికే ఉంటుంది. రెండో వైపు ఒక్క నిమిషం చాలు, మూత అక్కర్లేదు.

అట్టు తీసిన ప్రతిసారీ తడిగుడ్డతో పెనం ఒకసారి తుడవండి. మిగిలిన బెల్లం మరకలు మాడి తర్వాతి అట్టుకి నల్లటి చేదు చుక్కల్లా అంటుకుంటాయి. మొదటి అట్టు ఎలాగూ పెనానికి అర్పణం, దాన్ని చూసి టెన్షన్ పడి పిండిలో ఏదో ఒకటి కలపకండి, రెండోది వేసి చూశాకే దిద్దుబాటు. రెండోది కూడా విరిగితే పిండిలో చెంచా గోధుమపిండి తగ్గినట్టు. లోపల ముద్దముద్దగా ఉంటే మంట ఎక్కువై పైపైన కాలినట్టు. గట్టిగా, పొడిగా వస్తే ఎక్కువసేపు కాల్చారు. పచ్చి వాసన వస్తుంటే మాత్రం ఇప్పుడు చెయ్యగలిగిందేమీ లేదు, పప్పు వేయించలేదు మీరు.

లెక్క ఎంత తేలింది

పెసరపప్పు నుంచి 24 గ్రాములు, మినుముల నుంచి 12, గోధుమపిండి నుంచి 6, గుళ్ళ నుంచి ఏడున్నర, రెండు గుడ్ల నుంచి 12. మొత్తం 61 పైచిలుకు. తొమ్మిది అట్లకి పంచితే ఒక్కోటి ఏడుకి కాస్త తక్కువ, మూడింటికి 20. పాత అట్లలో ఆరు, గుర్తుందిగా. పప్పు రకాన్ని బట్టి, గుడ్డు సైజుని బట్టి ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అవుతుంది. కాల్చితే ప్రొటీన్ పోతుందా అని మా వాడు అడిగాడు, పోదు, ఉడికిన ప్రొటీనే తేలిగ్గా అరుగుతుంది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన కొలత ప్రకారం మామూలు పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. అందులో 20 పొద్దున టిఫిన్‌లోనే వచ్చేస్తే మిగతాది పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏదో ఒక దారిన సర్దుకుంటుంది. అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని కూడా చెప్పింది. ఆ వార్త కట్ చేసి మా వాడి డబ్బా మీద అతికించాను. డబ్బా ఇంకా ఉంది, కాయితం లేదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. కేలరీలు పెద్దగా తగ్గలేదు. పాత అట్లు మూడైనా, ఇవి మూడైనా 500 దగ్గరే ఉంటాయి. పప్పుకీ, గుళ్ళకీ కేలరీలు లేకపోలేదు. బరువు తగ్గాలనుకునేవాళ్ళు మూడు కాకుండా రెండు తినాలి, తేడా ఏంటంటే వీటిని రెండు తిని లేవగలరు. రెండు అట్లు, మీద 50 గ్రాముల గడ్డ పెరుగు, పక్కన గ్లాసు పంచదార లేని పాలు తీసుకుంటే ప్రొటీన్ 24 దగ్గరికి వస్తుంది, తీపి 16 గ్రాముల బెల్లంతో ఆగిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇది మందు కాదు. మా ఆయన ఒకటిన్నర తింటారు, అది కూడా వారానికి ఒక్కసారి, ఆ తర్వాత మా లైనంతా రెండు చుట్లు నడుస్తారు. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ప్రొటీన్ పెంచే ఏ వంటైనా డాక్టర్‌ని అడిగాకే చేసుకోవాలి. వేరుశనగ పడనివాళ్ళు ఆ గుప్పెడు తీసేసి వేయించిన నువ్వులు వేసుకోవచ్చు.

గుడ్డు వద్దనుకుంటే

రెండు గుడ్ల బదులు 100 గ్రాముల పనీర్. పప్పు రుబ్బేటప్పుడే చివర్లో వేసి మెత్తగా తిప్పేయాలి. గోధుమపిండి ఇంకో 20 గ్రాములు పెంచండి, లేకపోతే పనీర్ అట్టు తిప్పేటప్పుడు విరుగుతుంది. ప్రొటీన్ లెక్క తగ్గదు సరికదా కాస్త పెరుగుతుంది, కొవ్వు కూడా. కార్తీక మాసమంతా మా ఇంట్లో ఇదే. ఇంట్లోనే పాలు విరగ్గొట్టుకుంటే, లీటరు గేదెపాలకి 200 గ్రాముల దాకా వస్తుంది, సగం అట్లకి, సగం కూరకి.

మీల్ మేకర్ పొడి కలిపి చూశాను, సోయా వాసన ఏలకుల్ని మింగేసింది. వద్దు.

పైన ఏం వేసుకోవాలి

గడ్డ పెరుగులో పండిన అరటిపండు చిదిమి కలిపితే అదే క్రీము. విడిగా తేనె పోయకండి, అంత కష్టపడి తగ్గించిన తీపి మళ్ళీ మూత తీసిన సీసాలోంచి వచ్చేస్తుంది. మా అత్తయ్యగారికి పెరుగు నచ్చదు, ఆవిడకి వేయించిన నువ్వుల పొడీ, వేడి నెయ్యీ. మామిడిపళ్ళ రోజుల్లో రసం పక్కన పెట్టుకుంటే దానికి మించింది లేదు, కానీ అప్పుడు పిండిలో బెల్లం 40 గ్రాములకి తగ్గించండి.

వారమంతా కావాలంటే

రోజూ నానబెట్టడం ఉద్యోగాలు చేసేవాళ్ళకి కుదరదు. దానికి పొడిపిండి దారి ఉంది. అర కిలో పెసరపప్పు, పావు కిలో మినపగుళ్ళు విడివిడిగా దోరగా వేయించి, చల్లార్చి, 300 గ్రాముల గోధుమలతో కలిపి మర పట్టించండి. ఒక్క జాగ్రత్త. మన ఊళ్ళో మిరపకాయల సీజన్‌లో పిండిమర వాడు మనకంటే ముందు ఎవరి కారం ఆడించాడో కనుక్కోండి. నేను అడగకుండా పట్టించిన ఒక విడత పిండితో వేసిన బెల్లం అట్లు తిని ఇంటిల్లిపాదీ నీళ్ళ కోసం పరిగెత్తారు. "గోధుమలు ఆడిన రాయి మీదే వెయ్యి బాబూ" అని నిలబడి పట్టించుకోవాలి.

ఈ పిండి గాలి చొరని డబ్బాలో మూడు వారాలు ఉంటుంది. వేరుశనగ గుళ్ళు అందులో కలిపి మర పట్టించొద్దు, నూనె వాసన తిరుగుతుంది, వండే రోజే కలుపుకోవాలి. 210 గ్రాముల పొడిపిండి తీసుకుంటే పైన చెప్పిన బెల్లం, గుడ్లు, గుళ్ళు అన్నీ అంతే కొలత, కాకపోతే పొడి పప్పు నీళ్ళు బాగా పీలుస్తుంది కాబట్టి కప్పు దాకా నీళ్ళు పోసి అరగంట నాననివ్వాలి. రుబ్బిన పిండితో వచ్చినంత మెత్తగా రావు, రుబ్బి వేసినవాటికి పదికి తొమ్మిది మార్కులిచ్చే మా ఇంట్లో వీటికి ఏడు.

రుబ్బిన పిండి దాచాలంటే బెల్లం, గుడ్లు కలపకముందే ఒక గిన్నె తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు ఉంటుంది. బెల్లం కలిపాక మాత్రం ఆ పూటే అవ్వాలి. కాల్చిన అట్లు స్కూలు డబ్బాలోకి బాగానే ఉంటాయి, చల్లారాకే మూత పెట్టండి, లేకపోతే చెమట పట్టి జిగురవుతాయి. గడ్డ పెరుగు డబ్బాలో పెట్టకండి, ఎండకి పులుస్తుంది.

ఆఖర్న గిన్నెకి అంటుకున్న రెండు గరిటెల పిండి ఎప్పుడూ మిగులుతుంది. అట్టుకి చాలదు, పారెయ్యబుద్ధి కాదు. గుంతపొంగనాల పెనంలో బొట్టు నెయ్యి వేసి, ఒక్కో గుంతలో ఒక కొబ్బరి ముక్క పెట్టి, మీద పిండి పోసి, మూతపెట్టి చిన్న మంట మీద కాల్చండి. ఏడెనిమిది వస్తాయి. అవి వంటింట్లోంచి హాల్లోకి చేరటం నేను ఇంతవరకూ చూడలేదు.